కార్డు సరే, ఊళ్లో నర్సమ్మ ఏది?

(మే 12, అంతర్జాతీయ నర్సుల దినోత్సవం నాడు నల్లగొండలో జరిగిన సభలో ఒక విశ్రాంత నర్సింగ్ ట్యూటర్ చేసిన ప్రసంగం ఇది. నర్సింగ్ విద్యార్థులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, చుట్టుపక్కల గ్రామాల పెద్దలు విన్నారు. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. ఏఎన్ఎం సిస్టర్లు, ఆశమ్మలు వెనకాల నిలబడి ఉన్నారు. అమ్మా, ఈ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఈ ఎండల్లో ఊళ్లో పని చూసుకుని బస్సెక్కి వచ్చారు. కూర్చోండి. సర్పంచులు, పెద్దమనుషులు కూడా వచ్చారు, చాలా సంతోషం. ఇవాళ నేను చెప్పే మాటల్లో సగం మీతోనే.

మే 12 వచ్చిందంటే నర్సులను అందరూ పొగుడుతారు. సేవామూర్తులు అంటారు, తెల్లకోటు దేవతలు అంటారు. గౌరవంతో అనే మాటలే, కాదనను. కానీ నేను ఇవాళ సేవ గురించి, త్యాగం గురించి మాట్లాడను. పని గురించి మాట్లాడతాను. ఆ పని చేయడానికి ఎంతమంది కావాలి, వాళ్లకు ఏ అధికారం కావాలి, అది లేకపోతే మన ఇళ్లల్లో ఏం జరుగుతోంది, ఇదే మాట్లాడతాను.

2015లో ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ కూర్చుని ఒక మాట ఇచ్చాయి. 2030 నాటికి భూమ్మీద ప్రతి మనిషికీ ఆరోగ్య సేవలు అందాలి అని. దీన్నే సార్వత్రిక ఆరోగ్య సేవలు అంటున్నారు. పేరు పెద్దది, విషయం సులువు. రెండే ముక్కలు. ఒకటి, ఎవరికి ఏ వైద్యం అవసరమో అది దొరకాలి. రెండు, దానికోసం ఆ ఇల్లు అప్పులపాలు కాకూడదు. రెండూ జరగాలి. వైద్యం దొరికి ఎకరం పొలం పోతే అది లెక్కలోకి రాదు. పొలం మిగిలి మనిషి పోతే అదీ రాదు.

ఇది కొత్త మాట కూడా కాదు. 1978లో ఆల్మా ఆటా అనే ఊళ్లో ప్రపంచ దేశాలు ఇలాగే కూర్చున్నాయి. 2000 సంవత్సరానికల్లా అందరికీ ఆరోగ్యం అన్నాయి. 2000 వచ్చింది, పోయింది. 2021 నాటికి కూడా ప్రపంచంలో దాదాపు 450 కోట్ల మందికి ముఖ్యమైన ఆరోగ్య సేవలు పూర్తిగా అందడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. సగానికి పైగా జనాభా. ఇన్నేళ్లు ఎందుకు కాలేదు? మందులు కనిపెట్టలేదా? కనిపెట్టారు. మిషన్లు లేవా? ఉన్నాయి. ఆ మందును మనిషి దాకా తీసుకెళ్లి, వేసుకున్నాడా లేదా చూసి, నెల తర్వాత మళ్లీ వచ్చి చూసే మనిషి చాలినంతమంది లేరు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దీని వివరమే.

మన దగ్గర ఆరోగ్యశ్రీ కార్డు ఉంది, పెద్ద దవాఖానలో వైద్యం ఖర్చు సర్కారు భరించే పథకం. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో దాని పరిమితి 10 లక్షలకు పెంచారు. దాంతో ఎన్ని ఇళ్లు నిలబడ్డాయో నేను కళ్లారా చూశాను. గుండె ఆపరేషన్ అయి నడిచి ఇంటికి వెళ్లిన వాళ్లను చూశాను. దాన్ని తక్కువ చేసి ఒక్క మాట కూడా అనను. కానీ ఆలోచించండి. ఆ కార్డు ఎప్పుడు పనికొస్తుంది? మనిషి జబ్బుపడి, ముదిరి, పెద్ద దవాఖాన గేటు దాకా వెళ్లాక పనికొస్తుంది. గేటుకు ఇవతల ఏం జరిగిందో కార్డుకు తెలియదు.

గేటుకు ఇవతల ఏం జరుగుతుందో చెప్తాను. చందంపేట వైపు ఒక తండా అనుకోండి. యాభై ఏళ్ల మనిషి. బీపీ ఉంది. ఉన్నట్టు ఆయనకు తెలియదు, ఎందుకంటే బీపీ నొప్పి పెట్టదు. తలనొప్పి వస్తే ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటాడు, పోతుంది. ఇలా నాలుగైదేళ్లు. ఒకరోజు పొద్దున లేచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతాయి. 108లో దేవరకొండ, అక్కడి నుంచి నల్లగొండ, అక్కడి నుంచి హైదరాబాద్. కార్డు ఉంటే వైద్యం ఖర్చు చాలావరకు తప్పుతుంది. ప్రాణం దక్కుతుంది. తర్వాత? ఆ చెయ్యి మళ్లీ నాగలి పట్టదు. ఆయన భార్య కూలి మానేసి ఇంట్లో ఉండాలి. కూతురు చదువు మానేస్తుంది. ఈ ఖర్చు ఏ కార్డూ ఇవ్వదు.

దీన్ని ఆపగలిగేది ఏమిటి? రోజుకు ఒక గోలీ. సర్కారు దవాఖానలో ఉచితం. బయట కొన్నా రోజుకు కొద్ది రూపాయలే. అంత చిన్న మందు, అంత పెద్ద నష్టం. ఈ రెండింటికీ మధ్యలో ఎవరుండాలి? ఇంటికి వచ్చి బీపీ చూసే మనిషి ఉండాలి. చూసి, "అన్నా, నీకు నొప్పి లేకున్నా గోలీ వేసుకోవాలె, మానొద్దు" అని చెప్పే మనిషి ఉండాలి. నెల తర్వాత వచ్చి, "గోలీలు అయిపోయినయా, మిగిలినయా?" అని అడిగే మనిషి ఉండాలి. మిగిలాయంటే వేసుకోలేదని అర్థం. అది కనిపెట్టే మనిషి ఉండాలి. ఆ మనిషి డాక్టరు కాలేడు. తండాకొక డాక్టరు ఏ దేశంలోనూ లేడు. ఆ మనిషి నర్సే.

2018లో కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ కింద, ఊళ్లో ఏఎన్ఎం ఉండే సబ్ సెంటర్లను ఆరోగ్య కేంద్రాలుగా మార్చడం మొదలుపెట్టింది. మన దగ్గర వాటిని పల్లె దవాఖానాలు అంటున్నాం. అక్కడ ఎంఎల్‌హెచ్‌పీ, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ అని ఒకరుంటారు. బీఎస్సీ నర్సింగ్ చదివిన పిల్లలు కూడా ఆ పోస్టుల్లో ఉన్నారు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ చూడాలి. నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ లక్షణాలు చూడాలి. ఇది చాలా మంచి ఆలోచన. కాగితం మీద కూడా బాగుంది. లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక సబ్ సెంటరు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి.

మరి మన నేల ఎలా ఉంటుంది? 3,000 మంది ఒక్కచోట ఉంటారా? డిండి, నేరేడుగొమ్ము వైపు తండాలు ఒక్కొక్కటి ఒక్కో గుట్ట కింద ఉంటాయి. అమ్రాబాద్ అడవిలో చెంచు పెంటలు, అంటే చెంచుల గూడేలు, చూశారా ఎవరైనా? చేతులెత్తండి. అప్పాపూర్ లాంటి పెంటకు వెళ్లాలంటే అడవిలో మట్టి దారి. వానాకాలం ఆ దారి కూడా ఉండదు. అక్కడ పది, ఇరవై ఇళ్లు. ఆ ఇళ్లకు టీకా వేయడానికి వెళ్తే ఒక సిస్టర్‌కు రోజంతా పడుతుంది. సాయంత్రం ఆన్‌లైన్‌లో ఎక్కేది పిడికెడు పేర్లు. జనాభా లెక్కన చూస్తే ఆమె రోజంతా ఏమీ చేయనట్టే కనిపిస్తుంది. దూరం లెక్కన చూస్తే ఆమె చేసినంత పని ఇంకెవరూ చేయలేదు. కాబట్టి పోస్టులు మంజూరు చేసేటప్పుడు తలలు మాత్రమే లెక్కపెట్టొద్దు, కిలోమీటర్లు కూడా లెక్కపెట్టండి అని నేను సర్వీసులో ఉన్నప్పటి నుంచీ అడుగుతున్నాను. ఇప్పుడూ అడుగుతున్నాను.

పాలమూరు సంగతి ఇంకోటి. నారాయణపేట, మద్దూరు, కోస్గి వైపు నుంచి జనం బొంబాయి, పుణె వలస వెళ్తారు. ఆడమనిషికి నాలుగో నెల. ఇక్కడ పేరు రాశారు, ఐరన్ గోలీలు ఇచ్చారు. ఐదో నెలలో ఆమె మేస్త్రీ పని దగ్గర రేకుల షెడ్డులో ఉంది. అక్కడి సిస్టర్‌కు ఆమె ఎవరో తెలియదు. ఇక్కడి సిస్టర్‌కు ఆమె ఎక్కడుందో తెలియదు. ఎనిమిదో నెలలో కాళ్ల వాపుతో దిగుతుంది. బీపీ చూస్తే గుండె ఝల్లుమంటుంది. ఇలాంటి వాళ్ల ఫోన్ నంబరు సొంత ఫోన్లో పెట్టుకుని, సొంత బ్యాలెన్స్‌తో ఫోన్ చేసి, "అమ్మా, అక్కడ దగ్గరలో సర్కారు దవాఖానకు పోయినవా?" అని అడిగే ఏఎన్ఎంలు నాకు తెలుసు. ఎవరూ చెప్పలేదు వాళ్లకు ఆ పని చేయమని. అందరికీ ఆరోగ్యం అంటే ఆ ఫోన్ కాల్ కూడా. కానీ అది ఒకరి మంచితనం మీద ఆధారపడకూడదు, డ్యూటీలో భాగం కావాలి. దానికి టైం ఇవ్వాలి, ఫోన్ ఇవ్వాలి.

ఇప్పుడు ఊరి నుంచి వార్డుకు వద్దాం. పిల్లలూ, ఇది మీకు ముఖ్యం.

2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. యూరప్‌లో తొమ్మిది దేశాలు, 300 ఆసుపత్రులు, నాలుగు లక్షల పైచిలుకు ఆపరేషన్ పేషెంట్లు. ఒక్కో నర్సు మీద ఒక్కో పేషెంటు పెరిగినప్పుడల్లా, ఆపరేషన్ అయిన 30 రోజుల్లో పేషెంటు చనిపోయే ముప్పు 7 శాతం పెరిగిందని తేలింది. ఒక్క పేషెంటు పెరిగితే 7 శాతం. రెండో సంగతి కూడా చెప్పారు. డిగ్రీ చదివిన నర్సులు 10 శాతం పెరిగితే ఆ ముప్పు 7 శాతం తగ్గింది. అంటే నర్సుల సంఖ్యా ముఖ్యమే, వాళ్ల చదువూ ముఖ్యమే.

ఎందుకు పెరుగుతుంది ఆ ముప్పు? నర్సు దగ్గర ఏముంది అంత? చెప్తాను. డాక్టరు రౌండ్స్‌కు పొద్దున వస్తారు, సాయంత్రం వస్తారు. రాత్రి రెండు గంటలకు బెడ్డు దగ్గర ఎవరుంటారు? ఆపరేషన్ అయిన మనిషి ఊపిరి నిమిషానికి పద్దెనిమిది సార్లు తీసేవాడు ఇరవై ఆరు సార్లు తీస్తున్నాడు. ఇంకా బీపీ పడలేదు, స్పృహ పోలేదు, చుట్టాలకు ఏమీ తెలియదు, నిద్రపోతున్నారు. ఆ తేడా చూసేది ఎవరు? మూత్రం సంచిలో రాత్రంతా ఎంత పడిందో చూసి, చాలా తక్కువుందే అని డాక్టరుకు ఫోన్ చేసేది ఎవరు? పక్షవాతం మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు మీద పుండు పడుతుంది. ఆ పుండు పడ్డాక మానడానికి నెలలు పడుతుంది. తిప్పేది ఎవరు? ఒక సిస్టర్ కింద ఐదుగురుంటే ఇవన్నీ కనిపిస్తాయి. నలభై మంది ఉంటే? సూదులు వేసి, సెలైన్లు మార్చి, కేస్ షీట్లు రాసేసరికి తెల్లారుతుంది. ఆమె చూడలేదని కాదు. చూడడానికి ఆమెకు రెండు కళ్లే ఉన్నాయి.

మన భారత నర్సింగ్ మండలి పాత లెక్కల్లోనే బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒక నర్సు, సెలవుల కోసం అదనంగా 30 శాతం అని ఉంది. ఈ హాలులో వార్డు డ్యూటీ చేసిన వాళ్లున్నారు. నైట్ డ్యూటీలో ముగ్గురు పేషెంట్లతో ఎప్పుడైనా ఉన్నారా? ఐదుగురితో ఉన్నారా? చూడండి, ఒక్క చెయ్యి లేవలేదు.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. మా చిన్నప్పుడు కలలో కూడా అనుకోనివి. మంచాలు పెరిగాయి. మంచం పెరిగినప్పుడల్లా నర్సు పెరగాలి. 2024 జనవరి 31న మన రాష్ట్రంలో 6,956 మంది నర్సింగ్ ఆఫీసర్లకు ఒకేసారి నియామక పత్రాలు ఇచ్చారు. ఆ రోజు నేను టీవీ ముందు కూర్చుని చూశాను, నిజంగా కడుపు నిండింది. అలాంటి నియామకాలు ఆగకుండా జరగాలి, ఎందుకంటే రిటైర్ అయ్యేవాళ్లం ఏటా రిటైర్ అవుతూనే ఉంటాం.

ప్రపంచం లెక్క కూడా ఒకసారి చూడండి. 2023 నాటికి ప్రపంచంలో నర్సులు 2 కోట్ల 98 లక్షల మంది. ఇంకా కావలసిన వాళ్లు 58 లక్షల మంది. ఈ లోటు ఎక్కువగా ఎక్కడుందో ఊహించండి. ఆఫ్రికాలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మన దేశం కూడా ఉండే ఆగ్నేయాసియా ప్రాంతంలో, మధ్యధరా తూర్పు దేశాల్లో. డబ్బున్న దేశాలు తమ లోటును మన పిల్లలతో పూడ్చుకుంటున్నాయి. ప్రపంచంలో ప్రతి ఏడుగురు నర్సుల్లో ఒకరు పుట్టిన దేశం వదిలి వేరే దేశంలో పనిచేస్తున్నారు. ఇక్కడ కూర్చున్న పిల్లల్లో జర్మన్ భాష నేర్చుకుంటున్న వాళ్లున్నారని నాకు తెలుసు. తప్పేం లేదమ్మా, తల దించుకోకండి. ఇంట్లో తమ్ముడి చదువుంది, నాన్న అప్పుంది, అక్కడ జీతం ఉంది, ఇక్కడ కాంట్రాక్టు ఉంది. మిమ్మల్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నియమావళి కూడా చేసింది, వేరే దేశం నుంచి నర్సులను తీసుకునేటప్పుడు ఆ దేశం అవసరాలు కూడా చూడాలని. అది స్వచ్ఛందం, కట్టుబడి తీరాలని లేదు. అందుకే పని ఇక్కడే మొదలవ్వాలి. ఉండాలనుకునే పిల్లకు ఉండగలిగే పరిస్థితి ఇవ్వాలి. వెళ్లే పిల్లను ఆపడం కంటే అది ముఖ్యం.

థాయ్‌లాండ్ చూడండి. బాగా ధనిక దేశమేం కాదు. 2002లో దేశంలో అందరికీ ఆరోగ్య పథకం తెచ్చారు. అప్పట్లో దవాఖానకు వెళ్తే వాళ్ల డబ్బులో 30 బాత్‌లు కట్టాలి, అంతే. అందరూ ఆ పథకం గురించే చెప్తారు. దానికి ముందు ఏం చేశారో తక్కువ మంది చెప్తారు. ఇరవై ఏళ్ల పాటు గ్రామీణ జిల్లాల్లో చిన్న ఆసుపత్రులు, ఆరోగ్య కేంద్రాలు కట్టుకుంటూ వచ్చారు. ఊళ్ల పిల్లల్నే ఎంచుకుని నర్సింగ్ చదివించి మళ్లీ ఆ వైపే పోస్టింగ్ ఇచ్చారు. కార్డు ఇచ్చే రోజుకు ఊళ్లో నర్సు ఉంది. నారు పోసుకున్నాక నాట్లు వేశారు వాళ్లు. మనం నాట్ల రోజు వచ్చాక నారు కోసం తిరుగుతున్నాం.

ఇప్పుడు అధికారం సంగతి. ఇది చెప్పకుండా దిగను.

దక్షిణాఫ్రికాలో హెచ్ఐవీ లక్షల మందికి సోకింది. మందులున్నాయి, రాసిచ్చే డాక్టర్లు చాలరు. జనం వరుసల్లో నిలబడి చనిపోతున్నారు. 2010లో ఆ దేశం ఒక నిర్ణయం తీసుకుంది. శిక్షణ పొందిన నర్సులే మందులు మొదలుపెట్టవచ్చు అని. చాలామంది భయపడ్డారు. పరిశోధనలు చేసి చూస్తే నర్సులు మొదలుపెట్టిన వైద్యం డాక్టర్ల వైద్యానికి తీసిపోలేదని తేలింది. ఇవాళ ప్రపంచంలో అతిపెద్ద హెచ్ఐవీ చికిత్సా కార్యక్రమం వాళ్లదే.

కాన్పుల దగ్గరకు వద్దాం. కాన్పు తర్వాత రక్తస్రావంతో తల్లులు చనిపోతారు, ఇది ఇక్కడ అందరికీ తెలుసు. ఎంత రక్తం పోయిందో కంటితో చూసి చెప్పడం కష్టం. గుడ్డలు తడుస్తాయి, కింద పడుతుంది, తక్కువే అనుకుంటాం. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లో 80 ఆసుపత్రుల్లో, రెండు లక్షల పైగా తల్లుల మీద ఒక అధ్యయనం చేసి 2023లో ఫలితాలు చెప్పారు. ఏం చేశారు? కాన్పు కాగానే తల్లి కింద ఒక ప్లాస్టిక్ షీటు పెట్టారు. దానికి సంచిలాగా ఉంటుంది, గీతలుంటాయి. ఎంత రక్తమో గీత చెప్తుంది. గీత దాటగానే ఒకదాని తర్వాత ఒకటి కాదు, అన్నీ కలిపి చేయాలి. గర్భసంచి మర్దన, గర్భసంచి బిగుసుకునేలా చేసే ఆక్సిటోసిన్, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, ఎక్కడి నుంచి రక్తం వస్తోందో చూడడం. వీటిని చాలావరకు చేసింది మంత్రసాని శిక్షణ పొందిన నర్సులే. తీవ్రమైన రక్తస్రావం, దాని వల్ల పొట్ట కోసి ఆపరేషన్, మరణం, ఇవన్నీ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. ఒక ప్లాస్టిక్ షీటు, చేతిలో ఉన్న మందులు, ఎవరి పర్మిషన్ కోసమూ ఆగకుండా వెంటనే మొదలుపెట్టే అధికారం. ఈ మూడో దాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. మందు అల్మారాలో ఉండి, తాళం ఇంకొకరి దగ్గర ఉంటే, డాక్టరు ఫోన్ కలవకపోతే, ఆ పావుగంటలో తల్లి పోతుంది.

మన రాష్ట్రం దగ్గరకొస్తే ఇంకో బాధ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే. దేశం సగటు 21.5. దేశంలో మనదే మొదటి స్థానం. ప్రైవేటులో 81.5, సర్కారు దవాఖానాల్లో 44.5. ఆపరేషన్ అవసరమైన తల్లికి అది ప్రాణదానం. కానీ అవసరం లేని కోత? ముహూర్తం చూసి కోత? రెండో కాన్పుకు మళ్లీ కోత. పత్తి ఏరడానికి వంగలేని నడుము. ఈ వైపు ఆడవాళ్లను అడగండి, చెప్తారు.

దీనికి జవాబు కూడా మన రాష్ట్రమే మొదలుపెట్టింది. 2017లో కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ, అంటే కాన్పులు చేసే శిక్షణ ఇచ్చారు. 2018లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది. మిడ్‌వైఫ్ ఏం చేస్తుంది? నొప్పులొచ్చిన తల్లిని టేబుల్ మీద పడుకోబెట్టి అరవొద్దని కసరదు. నడిపిస్తుంది. నీళ్లు తాగిస్తుంది. నడుము రుద్దుతుంది. ఏ వైపు తిరిగితే హాయిగా ఉంటుందో ఆ వైపు ఉండనిస్తుంది. బిడ్డ గుండె వింటూ ఉంటుంది. తేడా వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరమ్మను పిలుస్తుంది. మామూలు కాన్పు మామూలుగా జరగనివ్వడం కూడా ఒక నైపుణ్యం. దానికి 18 నెలలు నేర్చుకుని వచ్చిన సిస్టర్‌ను లేబర్ రూంలో ఉంచకుండా ఓపీలోనో, ఇంకో వార్డులోనో వేస్తే ఆ శిక్షణంతా ఏమైనట్టు? ఏ అధికారైనా ఈ సభలో ఉంటే దయచేసి వినండి. మిడ్‌వైఫ్‌ను లేబర్ రూంలోనే ఉంచండి. కాన్పు ఆమె చేతుల్లో పెట్టండి. డాక్టరమ్మను ఆమెకు అండగా ఉంచండి.

ఇవాళ ఆధునిక నర్సింగ్‌కు దారి వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు కదా, ఒక్క మాట. 1820లో పుట్టింది. ఆమె అనగానే రాత్రిళ్లు రోగుల మధ్య పట్టుకుని తిరిగిన దీపం గుర్తొస్తుంది అందరికీ. 1854లో యుద్ధ ఆసుపత్రికి వెళ్లింది నిజమే. తర్వాత ఆమె చేసిన పెద్ద పని లెక్కలు రాయడం. సైనికులు గాయాలతో కంటే జబ్బులతో, మురికితో ఎక్కువ చనిపోతున్నారని అంకెలతో చూపించింది. మంత్రులు వినక తప్పలేదు. మన దేశానికి ఒక్కసారి కూడా రాలేదు, అయినా ఇక్కడి నీళ్లు, మురుగు, గ్రామాల పారిశుధ్యం గురించి ఏళ్ల తరబడి రాసింది. నల్లగొండలో కూర్చుని నీళ్ల గురించి వేరే చెప్పాలా? మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు చూస్తూ పెరిగాం. వంగిన ఎముకను ఏ పెద్ద దవాఖానా తిరిగి నిటారు చేయలేకపోయింది. మంచి నీళ్లు వస్తేనే తర్వాతి పిల్లలు నిటారుగా నడిచారు. బడిలో పిల్లల పళ్ల మీద మచ్చ చూసి, ఏ వీధి, ఏ బోరు అని రాసుకునే నర్సు ఆ పోరాటంలో సగం. ఆ రాసుకున్నదాన్ని పైవాళ్లు చదవాలి. నర్సు రాసిన రిజిస్టరు పై ఆఫీసుకు వెళ్తుంది సరే, ఆ రిజిస్టరు ముందు పెట్టుకుని నిర్ణయం తీసుకునే సమావేశంలో నర్సుకు కుర్చీ ఉందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఎలిజబెత్ ఐరో అనే నర్సును తన ముఖ్య నర్సింగ్ అధికారిగా పెట్టుకుంది. జిల్లా స్థాయిలో కూడా అలాంటి కుర్చీ కావాలి. మందుల కొనుగోలు మాట్లాడేటప్పుడు, డ్యూటీలు వేసేటప్పుడు, కొత్త వార్డు ప్లాన్ గీసేటప్పుడు అడగండి మమ్మల్ని. నర్సు నిలబడే చోటి నుంచి అన్ని మంచాలూ కనిపించాలని ఇంజినీరుకు ఎవరు చెప్తారు, మేం చెప్పకపోతే?

ఇక సర్పంచులు, పెద్దలు. అయ్యా, పెద్ద పెద్ద నిర్ణయాలు ఢిల్లీలో, హైదరాబాద్‌లో జరుగుతాయి. మీ చేతిలో ఉన్నవి కూడా ఉన్నాయి, అవి చిన్నవేం కావు. మీ ఊరి సబ్ సెంటర్‌లో నల్లా వస్తుందా? బాత్‌రూంకు తలుపు గడియ ఉందా? ఆడపిల్ల పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడ కూర్చోవాలి. నీళ్లు తాగితే బాత్‌రూంకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగకుండా పనిచేసి మూత్రం ఇన్ఫెక్షన్ తెచ్చుకున్న సిస్టర్లు నా దగ్గరకు వచ్చారు. ఫ్రిజ్ ఉన్న చోట కరెంటు పోతే టీకా పాడవుతుంది, దానికి ఏం ఏర్పాటు చేశారు? రాత్రి పూట ఎవరైనా తాగి వచ్చి తలుపు కొడితే ఆమె ఎవరికి ఫోన్ చేయాలి? ఆ నంబరు మీదే అయ్యుండాలి. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య కమిటీకి ఏటా 10,000 రూపాయలు ఇవ్వాలని జాతీయ ఆరోగ్య మిషన్‌లో ఉంది. ఆ కమిటీ మీ ఊళ్లో కూర్చుంటోందా? కూర్చుంటే ఏఎన్ఎంను, ఆశమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఏం కావాలో అడగండి. గ్రామసభలో రోడ్డు గురించి అడుగుతారు, పెన్షన్ గురించి అడుగుతారు. మా సెంటర్‌లో ఏఎన్ఎం పోస్టు ఖాళీగా ఉంది, బీపీ గోలీలు రెండు నెలలుగా రావడం లేదు అని కూడా అడగండి, తీర్మానం రాయించండి, పైకి పంపండి.

పిల్లలూ, మీకు ఒక్కటే. కమ్యూనిటీ పోస్టింగ్‌ను హాజరు కోసం చేయొద్దు. వార్డులో మీకు జబ్బు కనిపిస్తుంది. ఊళ్లో ఆ జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కనిపిస్తుంది. పొయ్యి ఎక్కడుంది, నీళ్లు ఎక్కడివి, ఇంట్లో ఎవరు చివర తింటారు, ఇవన్నీ చూడండి. ఆశమ్మ వెంట ఒక రోజంతా తిరగండి. ఏ పుస్తకంలో లేనివి ఆమె నేర్పుతుంది. మన ఆశా కార్యకర్తలకు 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు ఇచ్చింది. అవార్డు వచ్చింది సంతోషమే, వాళ్లకు ప్రతి నెలా టైంకు పారితోషికం రావడం ఇంకా పెద్ద సంతోషం.

నేను చాలాసేపు మాట్లాడాను. పొద్దున ఇక్కడికి వచ్చేటప్పుడు ఇద్దరు ఏఎన్ఎం సిస్టర్లు నాతో చెప్పారు. ఆన్‌లైన్ ఎంట్రీలకే రోజులో చాలా టైం పోతోంది, ఒకే పేరును రిజిస్టరులో, యాప్‌లో, మళ్లీ ఇంకో యాప్‌లో రాయాల్సి వస్తోంది, ఇంటింటికీ తిరిగే టైం తగ్గుతోంది అని. ఆ మాట నా నోటితో చెప్పడం కంటే వాళ్లే చెప్తే బాగుంటుంది. సర్పంచులున్నారు, విలేకరులున్నారు, వినాల్సిన వాళ్లు ఇక్కడ ఉన్నారు. సిస్టర్, రండమ్మా. ఈ మైకు తీసుకోండి.